ఉండిపోయినందుకు

ఉత్తరం తెల్లగా ఉంది,
మా ల్యాబులో అప్పుడే విప్పిన ఫిల్టర్ పేపరంత తెల్లగా.
"మీ సేవలు మాకెంతో విలువైనవి" అని మొదలై
రెండో పేజీలో, నలకలంత అక్షరాల్లో,
పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే
మొత్తం వెనక్కి కట్టాలని ముగుస్తుంది,
పన్నుగా కోసుకున్నదానితో సహా.
అంటే నా చేతికి రాని డబ్బు కూడా
నేనే తిరిగివ్వాలి.
లెక్క రెండుసార్లు చేశాను.
తక్కెడలో తప్పు లేదు.

లక్షా ఎనభై వేలు.
కంపెనీ బస్సు కూర్మన్నపాలెం దాటుతుంటే
నా ఫోను టింగుమంది.
ముందు సీట్లో గౌరీశ్వరిది, వెనక దివాకర్ సార్‌ది.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.
పరవాడ దాకా
బస్సంతా డబ్బున్నవాళ్ళ మౌనం.

ఆ డబ్బు మూడు వారాలు బతికింది.
తమ్ముడి డిప్లొమా ఫీజు, ఒక ఫ్రిజ్జు,
తాకట్టు కొట్లోంచి అమ్మ గొలుసు.
మెళ్ళో వేసుకుని "సల్లగుందే" అంది అమ్మ.
ఫ్రిజ్జుకి వారెంటీ ఒక ఏడాది.
నాది దానికన్నా ఆర్నెల్లు ఎక్కువ.

అప్పటికి వేట నిషేధం మొదలైంది.
హార్బర్లో బోట్లన్నీ
ఒకదాని నడుముకి ఒకటి కట్టేసుకుని నిలబడ్డాయి.
నూకరాజు మావయ్య మా పెదజాలరిపేట ఇంటికొచ్చి
చల్లటి నీళ్ళు రెండు గ్లాసులు తాగాడు.
ఓనరు దగ్గర ఇరవై వేలు తెచ్చుకున్నాడట,
ఎప్పట్లాగే,
అరవై ఒక్క రోజులు పొయ్యి వెలగాలి కదా.
పక్క బోటువాడు వాటా పెంచుతానన్నా
జూన్లో ఎక్కాల్సింది ఆ ఓనరు బోటే.

ఉత్తరం చేతికిచ్చాను.
మావయ్యకి చదువు రాదు.
వల కన్ను చూసినట్టు
కాగితాన్ని బొటనవేలితో చూశాడు.
"ఎంత?"
చెప్పాను.
"ఎన్నాళ్ళు?"
చెప్పాను.
"ఓలమ్మ, ఇది అడ్మాన్సే గదే!
దీనికి ఇంత ఇంగిలీసెందుకు?"

నవ్వాను. అమ్మ కూడా నవ్వింది.

సుధేష్ణ వెళ్ళిపోయింది, హైదరాబాదు.
ఆమె బాకీ కొత్త కంపెనీ కట్టింది.
దాన్ని మేం బైఔట్ అంటాం.
కొత్త ఓనరు పాత ఓనరుకి డబ్బు లెక్కపెట్టి
కలాసీని తన బోటెక్కించుకోవడం
హార్బర్లో ఎప్పట్నుంచో ఉంది.
అక్కడ దానికి పేరు పెట్టలేదు.

కంపెనీ చెడ్డదని అనను.
మా మేనేజరు, జ్వరమొస్తే
తన కారులో ఇంటికి దించిన మనిషి.
నాకా పని కూడా ఇష్టమే.
రాత్రి షిఫ్టులో ద్రావణం రంగు మారే ఆ ఒక్క చుక్క కోసం
ఊపిరి బిగబట్టడం ఇప్పటికీ ఇష్టమే.
ఉండమని ఊరికే అడిగి ఉంటే
ఉండేదాన్నేమో.
ఇప్పుడు పొద్దున్నే ఐదింటికి లేచి
బస్సు కోసం పరుగెత్తేది
ఆ ఇష్టమో, ఆ కాగితమో
నాకే తెలియడం లేదు.
రెండూ ఒకే సీసాలో పోసేశారు.
వేరుచేసే పద్ధతి
మా మాన్యువల్లో లేదు.

జీవీఎంసీ నీటి పరీక్షల ల్యాబులో ఖాళీ ఉందని
ఎవరో పంపిన మెసేజీ,
ఫోన్లో ఇంకా చెరపలేదు.
జీతం తక్కువ. చివరి తేదీ దాటిపోయింది.
అయినా చెరపలేదు.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి.
హార్బర్ అంతా డీజిలు వాసన, ఐసు పొడి, కేకలు.
మావయ్యకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను.
ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బోటులో పెట్టి
అడిగాడు:
"నాకంటే ఈయాల ఇప్పేత్తారు.
నీకెప్పుడే?"

"వచ్చే ఏడాది అక్టోబరు."

కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.
"అప్పుడు తుపాన్ల కాలం గదే"
అని తాడు అందుకున్నాడు.